గురువారం రాబోయే తుపాకి

"ఆ అద్దాల బీరువా అక్కణ్ణించి కదలదు డ్వేన్. పొద్దున్నించీ ఇదే చెప్తున్నాను" అంది నొరీన్, గిన్నెలు తుడిచే గుడ్డ భుజం మీద వేసుకుంటూ.

"కదలమని ఎవరన్నారు? రెండడుగులు పక్కకి జరగమంటున్నాను." డ్వేన్ కొలత టేపు గోడకి ఆనించి, చెవి మీది పెన్సిలు తీసి చిన్న గీత పెట్టాడు. అప్పటికే ఆ గోడ మీద అలాంటివి చాలా ఉన్నాయి.

"జరిపితే కిటికీకి అడ్డం."

"ఆ కిటికీలోంచి కనిపించేది పక్కింటివాళ్ళ చెత్త డబ్బాలే కదా."

"నాకవి చూడ్డం ఇష్టం."

కుర్చీలో కూర్చున్న ముసలాయన ఫక్కున నవ్వాడు. ఆయన ఎమిల్ హుడాక్, డ్వేన్ తండ్రి. పెన్సిల్వేనియా కొండల్లోని ఆ బొగ్గుగనుల ఊళ్లో స్లోవాక్ కుటుంబాలన్నిట్లోలాగే ఈ ఇంట్లోనూ తాతని దేదో అంటారు. మనవరాలు మొదలుపెట్టిన ఆ పిలుపు కోడలికీ అలవాటైపోయింది. నవ్వడమైతే నవ్వాడు గానీ, గోడ మీదికి వచ్చేది తన కోసమేనని ఆయనకి ఈ పూట గుర్తుందో లేదో చెప్పలేం. చొక్కా గుండీలు ఒక కాజా కిందికి తప్పి ఉన్నాయి. నొరీన్ వంగి సరిచేసింది.

బీరువా ఒట్టి సాకు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అసలు భయం బయటికి చెప్పలేక బీరువాని పట్టుకుని వాదిస్తోంది. కిందటి మంగళవారం సాయంత్రం జరిగింది ఇంకా ఆమె కళ్ళ ముందే ఉంది. కూతురు టెస్సా బడి అయ్యాక బేకరీలో పని చేసి వచ్చి, వానకోటు టోపీ నెత్తి మీదికి లాక్కుని, వెనక గుమ్మంలో అడుగుపెట్టింది. కట్టెల పొయ్యి పక్కన నిలబడ్డ దేదో నిప్పులు కదిపే ఇనప ఊచ ఎత్తి పిల్ల మీదికి వచ్చాడు. టెస్సా పక్కకి తప్పుకుంది. ఊచ తగిలి గుమ్మం చట్రంలో చెక్క లేచిపోయింది. చూసినది నొరీన్ ఒక్కతే. "నాన్నకి చెప్పకమ్మా. చెప్తే దేదోని వృద్ధుల హోమ్‌లో చేర్పిస్తారు. అక్కడ ఆయన పది రోజులు కూడా బతకడు" అని పిల్ల చెయ్యి పట్టుకుని బతిమాలింది. నొరీన్ సరేనంది. కట్టెల బండి తగిలి చట్రం విరిగిందని మొగుడితో అబద్ధం చెప్పింది. డ్వేన్ నమ్మాడు. నమ్మి, ఆ మర్నాడే దాన్ని బాగుచేశాడు కూడా.

డ్వేన్ తెలివితక్కువవాడేం కాదు. తండ్రికి మతిమరుపు మొదలయిందని డాక్టరు చెప్పిన వారంలోనే ఇంట్లోని వేట తుపాకులన్నీ తీసుకెళ్ళి అక్క రోండా ఇంట్లో దాచిపెట్టింది అతనే. మతి సరిగ్గా లేని మనిషి ఉన్న ఇంట్లో తుపాకి ఉండకూడదన్నదీ అతనే. కానీ గోడకి పెట్టడానికి ఇప్పుడు తాను కొనబోయేది ఆ తుపాకుల లెక్కలోకి రాదంటాడు.

"దాన్ని తుపాకి అనకు నొరీన్. గోడ గడియారం లాంటిది అనుకో" అన్నాడు ఇప్పుడు కూడా, టేపు చుట్టేస్తూ. "గుళ్ళు కొనను. ఒక్కటి కూడా కొనను. సరేనా?"

కొరియా యుద్ధంలో దేదో మోసినది థాంప్సన్ తుపాకి. అప్పటి అసలుది ఇప్పుడు కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి. కొత్తగా చేసి అమ్మే నకలు మాత్రం కష్టపడితే అందుతుంది. చూడ్డానికి అచ్చు పాతదే. అదే వాల్‌నట్ కర్ర, అదే బరువు. పాతదానిలా గుళ్ళు ధారగా కురిపించదు, ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా ఒకటే. ఆసుపత్రి నర్సు పాత పాటలు వినిపించమనీ, పాత వస్తువులు చేతికివ్వమనీ, మనిషి కాస్త తేరుకుంటాడనీ చెప్పింది. ఇంటికి వచ్చే దారిలోనే డ్వేన్ ఈ నిర్ణయానికొచ్చాడు. ఆ నర్సు మనసులో ఉన్నది ఏ పాత హార్మోనికానో, పెళ్ళినాటి టోపీయో అయి ఉంటుందని నొరీన్ ఎంత చెప్పినా వినలేదు.

"వెర్న్ కొట్టుకి వెళ్దాం పదండి. నాన్నా, కోటు వేసుకో. నీకోసం వచ్చినదాన్ని చూద్దాం" అన్నాడు డ్వేన్.

"వచ్చింది ఎవరు?" అన్నాడు దేదో.

* * *

వేట కాలం ముంచుకొస్తుండటంతో వెర్న్ కొట్టు కిటకిటలాడుతోంది. నారింజ రంగు కోట్లు, బూట్లు, చేపల గాలాలు, గోడల నిండా జింక తలలు. హీటరు చుట్టూ కుర్చీలేసుకుని కూర్చున్నవాళ్ళలో కొనడానికి వచ్చినవాళ్ళు తక్కువ, కాఫీకి వచ్చినవాళ్ళు ఎక్కువ. దేదో లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. పన్నెండేళ్ళు నిండిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ వేటకి ముందు తుపాకి పాఠాలు చెప్పింది ఈయనే. ఊళ్లో సగంమంది ఆయన శిష్యులు.

"రండి మాస్టారూ. పెళ్ళికూతురు లోపల ముస్తాబవుతోంది" అన్నాడు వెర్న్. ఉబ్బిన బుగ్గలు, మెళ్ళో వేలాడే కళ్ళజోడు. కౌంటరు మీద పొడుగాటి పెట్టె పెట్టి మూత తీశాడు. తుపాకిని పైకెత్తి, బోల్టు వెనక్కి లాగి, లోపల ఖాళీ అని డ్వేన్‌కి చూపించాడు. డ్వేన్ దాన్ని రెండు చేతులా అందుకుని తండ్రి చేతుల్లో పెట్టాడు.

నొరీన్ ఆయన పక్కకి జరిగింది.

పొద్దున గుండీ పెట్టుకోలేని వేళ్ళు అవి. చెంచా ఎటు పట్టుకోవాలో ఒక్కోసారి తెలియని వేళ్ళు. ఇప్పుడు వాటికి తడబాటు లేదు. బోల్టు మళ్ళీ ఆయనే లాగి చూసుకున్నాడు, చిటికెన వేలు లోపలికి పోనిచ్చి ఖాళీయో కాదో తడిమాడు. కర్ర భుజానికి ఆనించాడు. నడుం నిటారుగా అయింది. పాదం ఒకటి తనంతట తానే వెనక్కి జరిగింది.

"దీని ముక్కేంటి ఇంత పొడుగుంది?" అన్నాడు, గొట్టం వైపు చూసి.

"చట్టం కోసం మాస్టారూ. పొట్టిదైతే ఒప్పుకోరు."

"మాకక్కడ చట్టం ఏమీ అడ్డం రాలేదు."

హీటరు దగ్గరివాళ్ళు చప్పట్లు కొట్టారు. అందులో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. డ్వేన్ పెళ్ళాం చెవిలో "చూశావా? ఇన్నాళ్ళకి మా నాన్నని చూశాను నేను" అన్నాడు.

అతను చూసిందే నొరీనూ చూసింది. ఇది ఏ సంవత్సరమో, ఎదుటివాళ్ళెవరో తెలియని మనిషి. ఆ మనిషి చేతులకి మాత్రం అన్నీ గుర్తున్నాయి, ఒక్కటీ మరవలేదు. ఇంతకన్నా ఆయన తడబడి దాన్ని కింద పడేసి ఉంటే ఎంత బాగుండేది అనుకుంది.

అప్పుడు తలుపు గంట మోగింది.

టెస్సా. బేకరీలో పని అయిపోగానే, తాత కొత్త బహుమతి చూద్దామని నేరుగా వచ్చేసింది. బయట మంచు కలిసిన వాన. కోటు టోపీ కళ్ళ మీదికి ఉంది. గుమ్మంలో నిలబడి బూట్లు దులుపుకుంటోంది.

దేదో తిరిగాడు. వయసు మీదపడ్డ మనిషి తిరిగినట్టు కాదు. గొట్టం నేరుగా పిల్ల గుండెల మీదికి వచ్చి ఆగింది. ఎడమ చెయ్యి చాచి నొరీన్ భుజం పట్టుకుని కిందికి నొక్కాడు. "వంగు" అన్నాడు, చాలా మెల్లగా, చాలా స్పష్టంగా. ఆ కళ్ళు నొరీన్‌కి తెలుసు. మంగళవారం పొయ్యి దగ్గర చూసిన కళ్ళు అవి.

ఆయన ట్రిగ్గరు నొక్కాడు.

టక్కుమని ఒక పొడి చప్పుడు. అంతే.

టెస్సా కదల్లేదు. తర్వాత మెల్లగా టోపీ వెనక్కి తోసుకుంది. "నేనే దేదో. టెస్సాని."

ముసలాయన రెప్పలాడించాడు. "తెలుసు. సంకేతపదం చెప్పకుండా వస్తే ఎలా మరి?"

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా డ్వేన్ నవ్వాడు. "ఇంకేం, ఇంటికి కాపలా దొరికింది" అన్నాడు. టెస్సా కూడా నవ్వింది, పెదాలతో. నొరీన్ కౌంటరు వైపు చూసింది. వెర్న్ నవ్వడం లేదు. చుట్టూ తిరిగొచ్చి, పసిపిల్లని అందుకున్నట్టు ఆ తుపాకిని దేదో చేతుల్లోంచి తీసుకున్నాడు. "భలే చూపించారు మాస్టారూ. ఇంక కూర్చోండి, కాఫీ తాగుదురుగాని" అన్నాడు. అతని మెడ మీద చెమట మెరుస్తోంది.

డ్వేన్ కౌంటరు మీద వంగి దరఖాస్తు నింపాడు. కొనేవాడి పూర్వాపరాల తనిఖీ కోసం వెర్న్ వెనక గదిలోకి ఫోన్ చెయ్యడానికి వెళ్ళాడు. కాఫీ కప్పుల వంకతో నొరీన్ వెనకే వెళ్ళింది. ఫోన్ పెట్టేసరికి ఆమె గుమ్మంలో ఉంది.

"ఏమన్నారు?"

"ఏమంటారు. డ్వేన్ మీద ఏముంది గనక? ఇవ్వొచ్చన్నారు." వెర్న్ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. "నువ్వు ఏదో చెప్పడానికి వచ్చావు."

నొరీన్ నోరు తెరిచింది. చెప్పాలంటే మంగళవారం సంగతి మొదలుపెట్టాలి. అది ఇచ్చిన మాట. ఈ కొట్టులో ఒక్కరికి చెప్పినా సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. "కాఫీ కప్పులు ఎక్కడున్నాయి?" అంది.

"నొరీన్, నేను చిన్నప్పుడు మాస్టారి క్లాసులో విరిగిపోయిన బొమ్మ తుపాకి పక్కవాడి వైపు తిప్పాను. విరిగిందే, రెండు ముక్కలు. ఆయన అరవలేదు. నన్ను ఇంటికి పంపేసి మళ్ళీ ఏడాది రమ్మన్నాడు. ఖాళీదో, బొమ్మదో, చీపురో, మనిషి వైపు తిప్పావా, ఆ ఏడు నీకు వేట లేదు. ఆయన మాకు నేర్పిన మొదటి పాఠం అదే. అసలు ఆయన దగ్గర నేర్చుకున్నది అదొక్కటే అనుకో." వెర్న్ గొంతు తగ్గించాడు. "ఆ మనిషి ఇవాళ మనవరాలి మీద ట్రిగ్గరు నొక్కాడు. ఆటకి చేశాడని బయట వాళ్ళు అనుకోవచ్చు. మాస్టారు ఆటకి కూడా చెయ్యడు."

నొరీన్ గోడకి ఆనుకుంది.

"తనిఖీ ఇంకా తేలలేదని డ్వేన్‌తో చెప్తాను. గురువారం దాకా ఆపగలను. ఆ పైన నేను ఇవ్వకపోతే కొండ అవతల ఇంకో కొట్టుంది. అక్కడివాడికి మాస్టారెవరో తెలీదు. ఈ లోపల మొగుడితో చెప్పుకో. అది నా నోటితో చెప్పేది కాదు."

తిరుగు ప్రయాణంలో డ్వేన్ ఆలస్యానికి కాస్త విసుక్కున్నాడు గానీ, అతని సంతోషం తగ్గలేదు. వెనక సీట్లో దేదో మనవరాలి భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. టెస్సా ఆయన చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నొరీన్ ఇంటిదాకా అద్దంలో ఆ ఇద్దర్నే చూస్తూ వచ్చింది. మంగళవారం సంగతి చెప్పినా, చెప్పకపోయినా ఆ ఇద్దరిలో ఒకరు చెయ్యి జారిపోతారు.

* * *

ఆదివారం చర్చి నుంచి వచ్చాక రోండా భోజనానికి వచ్చింది. డ్వేన్‌కి అక్క; స్కూలు బస్సు నడుపుతుంది, ఇంట్లో కూడా బస్సు వెనక సీటుదాకా వినిపించేలాగే మాట్లాడుతుంది. నొరీన్ హలుప్కీ చేసింది. క్యాబేజీ ఆకుల్లో మాంసం, బియ్యం చుట్టి టొమాటో రసంలో ఉడికించినది. దేదోకి అది ఇష్టమని తెలుసు గనక చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టింది. చేతులు పనిచేస్తున్నాయి గానీ ఆమె మనసు ఒకటే మాట దొర్లిస్తోంది. కేకు తినేటప్పుడు చెప్తాను. కాదు, రోండా వెళ్ళాక. కాదు, రోండా ఉండగానే చెప్పాలి, ఆమె ఉంటే డ్వేన్ అరవడు.

"నిన్న నువ్వుండాల్సింది అక్కా" అన్నాడు డ్వేన్ బల్ల మీద మోచేతులు ఆనించి. "నాన్న దాన్ని పట్టుకున్న తీరు చూడాలి. ఇరవయ్యేళ్ళ కుర్రాడే. ఇది లోపలికి వచ్చేసరికి తిప్పి, గురి పెట్టి, టక్." టెస్సా వైపు వేలు చూపించి నవ్వాడు. "దీని మొహం చూడాలి."

రోండా ఫోర్కు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "ట్రిగ్గరు నొక్కాడా?"

"ఖాళీదే కదా."

"ఖాళీదే కదా అంటున్నావు నువ్వు. నీకు తొమ్మిదేళ్ళప్పుడు పెరట్లో చీపురుకర్ర నా మీద గురిపెట్టావని ఆ ఏడాది నిన్ను వేట శిబిరానికే తీసుకెళ్ళలేదు నాన్న. నువ్వు మంచం కింద దూరి ఏడ్చావు. అమ్మ బతిమాలినా వినలేదు. చీపురుకర్ర డ్వేన్."

"అప్పుడు ఆయన వేరు."

"అదేగా నేనూ అంటున్నది. అప్పుడాయన వేరు."

దేదో రొట్టె ముక్కతో పళ్ళెంలోని రసం అద్దుకుని తింటున్నాడు. డ్వేన్ మొహం ఎర్రబడింది. "మీ అందరికీ ఏం కావాలో నాకర్థం కావట్లేదు. కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తూ ఉంటే బాగుంటుందా ఆయన? నిన్న ఆ కాస్సేపూ నా పేరు అడగలేదు తెలుసా. ఇంట్లో రోజుకెన్నిసార్లు అడుగుతాడో నొరీన్‌ని అడుగు. ఆ కాస్సేపు కోసం ఏం పెట్టమన్నా పెడతాను నేను."

నొరీన్‌కి అతని మీద జాలి ముంచుకొచ్చింది. ఆ జాలిలోంచే భయం ఇంకా పెద్దదై లేచింది. ఇంత ప్రేమ ఉన్నవాడు ఆగడు. గురువారం కాకపోతే శుక్రవారం, ఈ కొట్టు కాకపోతే ఇంకోటి. ఇప్పుడే చెప్పాలి. చేతిలోని గరిటె కింద పెట్టింది. "డ్వేన్, నీతో ఒక మాట" అని మొదలుపెట్టింది.

"అమ్మా, నేను చెప్తాను" అంది టెస్సా.

గట్టిగా అనలేదు. నీళ్ళ జగ్గు అందించమన్నట్టు అంది. నొరీన్ తల అడ్డంగా ఊపింది. పిల్ల చూడనట్టే చేతి రుమాలు మడిచి పళ్ళెం పక్కన పెట్టింది.

"బుధవారం నుంచి నేను రోండా అత్త ఇంట్లో ఉంటాను. అత్తని అడిగాను, సరేనంది."

"బడికి దగ్గరని కదే చెప్పావు" అంది రోండా.

"బడికీ దగ్గరే." టెస్సా తండ్రి వైపు తిరిగింది. "కట్టెల బండి తగల్లేదు నాన్నా ఆ చట్రానికి. మంగళవారం నేను వెనక గుమ్మంలోంచి వస్తుంటే దేదో పొయ్యి దగ్గరి ఊచ ఎత్తి నా మీదికి వచ్చాడు. నేనెవరో ఆయనకి తెలీలేదు. నిన్న కూడా తెలీలేదు. అమ్మని ఏమీ అనకు, నేనే చెప్పొద్దన్నాను."

డ్వేన్ తల తిప్పి వెనక గుమ్మం వైపు చూశాడు.

"అది ఊచ కాబట్టి పక్కకి తప్పుకోగలిగాను" అంది టెస్సా. "గురువారం నీ బహుమతి తెచ్చుకో నాన్నా, గోడకి పెట్టుకో. దేదోని మాత్రం ఎక్కడికీ పంపొద్దు. ఈ ఇంట్లోంచి వెళ్ళేది నేను."

ఆమె పక్కన కూర్చున్న ముసలాయన తల ఎత్తి, పళ్ళెంలో మిగిలిన రొట్టె ముక్కని ఆమె వైపు జరిపాడు. "తిను పాపా" అన్నాడు దయగా. "ఇంతకీ నువ్వు ఎవరమ్మాయివి?"